పొయ్యి పొగ, పాదాల వాపు



కన్నడంలో హొగె, తెలుగులో పొగ. మాటా ఒకటే, మన సరిహద్దు పల్లెల్లో అది కళ్ళు మండించే తీరూ ఒకటే. పొగకు దగ్గు, ఆయాసం వస్తాయని మీకు ఒకరు చెప్పనక్కరలేదు. పాదాలు కూడా వాస్తాయంటే మాత్రం నమ్మబుద్ధి కాదు.

1950లలో ఢిల్లీలో డాక్టర్ పద్మావతి అనే గుండె వైద్యురాలు, ఊపిరితిత్తుల జబ్బు ముదిరి గుండె కుడి భాగం దెబ్బతిన్న రోగులను పరిశీలించారు. బీడీ, చుట్ట తాగేది ఎక్కువగా మగవాళ్ళే కదా, మరి ఇంతమంది ఆడవాళ్ళకు ఈ జబ్బేమిటి? డాక్టర్ పాఠక్‌తో కలిసి 1959లో ప్రచురించిన వ్యాసంలో ఆమె వంటింటి పొగ వైపు వేలు చూపించారు.

మన శ్వాసనాళాల లోపల కంటికి కనిపించని సన్నని నూగు ఉంటుంది. దుమ్మును, కఫాన్ని అది పైకి ఊడ్చి పంపుతూ ఉంటుంది. ఏళ్ళ తరబడి పొగ తగిలితే ఆ ఊడ్పు మందగించి కఫం నిలిచిపోతుంది. పొగతో పోరాడటానికి వచ్చిన తెల్లకణాలు వదిలే రసాలు గాలితిత్తుల గోడలనే కరిగిస్తాయి. సన్నని రక్తనాళాలు ఉండేది ఆ గోడలలోనే. గోడతో పాటు అవీ పోతాయి.

ఇక్కడొక విచిత్రం ఉంది. ఆక్సిజన్ తగ్గితే శరీరంలో తక్కిన చోట్ల రక్తనాళాలు వెడల్పవుతాయి. ఊపిరితిత్తులలో మాత్రం ముడుచుకుంటాయి. 1946లో స్వీడన్‌లో ఫాన్ ఆయిలర్, లిల్యెస్ట్రాండ్ అనే శాస్త్రజ్ఞులు పిల్లుల మీద ప్రయోగం చేసి దీన్ని చూపించారు. పంట రాని మడికి నీళ్ళు దండగని రైతు మడవ కట్టేసినట్టు, గాలి చేరని మూలకు రక్తం పోకుండా చేసే ఏర్పాటిది. అన్ని మడవలూ ఒక్కసారే కట్టేస్తే? కాలువ వెనక్కి తన్నుతుంది. నాళాల గోడలు మందమవుతాయి, గుండె కుడి భాగం అలసిపోతుంది, నీరు కాళ్ళలోకి దిగుతుంది. సిగరెట్ పొగ మీద జరిగిన పరిశోధనలైతే, ఆక్సిజన్ తగ్గక మునుపే రక్తనాళం లోపలి పొర దెబ్బతినడం మొదలవుతుందని చెబుతున్నాయి.

2016లో ఉజ్వల పథకం వచ్చాక చాలా ఇళ్ళకు గ్యాస్ చేరింది. అయినా నీళ్ళు కాగేది, జొన్నరొట్టె కాలేది చాలాచోట్ల కట్టెల మీదే. ఆ రుచే వేరంటారు మగవాళ్ళు. ఊదుగొట్టం పట్టేది వాళ్ళు కాదు గదా!

అమ్మలారా, అక్కలారా, పాదాల వాపుకు మూత్రపిండాల జబ్బు, రక్తహీనత వంటి కారణాలూ ఉంటాయి. కనుక వయసు మీద పడిందని సరిపెట్టుకోకుండా ఆసుపత్రికి వెళ్ళండి. గొట్టంలోకి గట్టిగా ఊదించే పరీక్షతో ఊపిరితిత్తుల సంగతి, ఎకో పరీక్షతో గుండె సంగతి తెలుస్తాయి. బీడీ తాగుతారా అని డాక్టరు అడిగితే లేదని చెప్పి ఊరుకోవద్దు. ఎన్నేళ్ళుగా, రోజుకు ఎన్ని గంటలు పొయ్యి ముందు కూర్చున్నారో అదీ చెప్పండి.