డీజిలు లారీకి ఇంధనమందించు తీరును బాగుచేయుట



లారీ పాతబడి బరువు లాగలేనప్పుడు యజమాని సామాన్యముగా మేస్త్రీ నొక్కటే కోరును: "పంపు కొంచెము పెంచవయ్యా" అని. కోరిక సహజమే. కాని డీజిలు హెచ్చినంత మాత్రమున బలము హెచ్చదు. అది శుభ్రముగా, తగిన కొలతతో, తగిన యొత్తిడితో, తగిన క్షణమున లోపలికి పోయినప్పుడే బలమగును, లేనిచో పొగయగును. నేడు నేను మనవి చేయదలచిన దిదియే.

డీజిలు యింజనులో నిప్పురవ్వతో పని లేదు. సైకిలు చక్రమునకు గాలి కొట్టునప్పుడు పంపు అడుగు వేడెక్కుట మీరెరిగినదే. అట్లే సిలిండరులోని గాలి తన పరిమాణములో పదునారవ వంతునకో, పదునెనిమిదవ వంతునకో కుదింపబడి 500 డిగ్రీల సెంటీగ్రేడును మించి కాగును. అందు డీజిలును సన్నని తుంపరగా చిమ్మగానే తనంత తానే యంటుకొనును. నిమిషమునకు 2,000 సార్లు తిరుగు లారీ యింజనులో ఒక్కొక్క సిలిండరున నిమిషమునకు 1,000 సార్లు ఇట్లు చిమ్మవలెను. ఒక్కొక్క పర్యాయమునకు దొరకు వ్యవధి సెకనులో వేయింట రెండు మూడు వంతులు మాత్రమే.

ఈ చిమ్ముటయే మొదటినుండియు పెద్ద చిక్కు. 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ నగరమున రుడాల్ఫ్ డీజిల్ తన యంత్రమును జయప్రదముగా నడిపినప్పుడు, గట్టిగా కుదించిన గాలితో ఇంధనమును లోపలికి ఊదవలసి యుండెను. ఆ గాలికై వేరొక బరువైన కంప్రెసరు కావలసివచ్చెను. కనుక అట్టి యింజను కర్మాగారములకు, ఓడలకు తగినదే గాని బండి మీదికి తగినది కాదు. ఊదుడు గాలి లేకయే డీజిలును ఒత్తిడితో చిమ్ము పంపులను 1927లో బాష్ సంస్థ పెద్దయెత్తున తయారుచేయ నారంభించిన పిమ్మట డీజిలు లారీలు వ్యాపించినవి. 1995లో జపానులో డెన్సో సంస్థ కామన్ రెయిల్ పద్ధతిని లారీలకు తెచ్చెను. ఇందు డీజిలు ఒక బలమైన గొట్టమున మిక్కుటమైన ఒత్తిడితో నిలువయుండగా, విద్యుత్తుచే తెరచుకొను ఇంజెక్టర్లు దానిని చిమ్మును. నేడు ఆ యొత్తిడి 2,000 బార్లను మించుట కలదు.

ఇక బాగుచేయు క్రమమును చెప్పెదను. మొదట టాంకును చూడవలెను. అడుగున చేరిన నీటిని, తుప్పును, మడ్డిని దింపి కడిగింపవలెను. నీటిని వేరుచేయు ఫిల్టరు లేనిచో పెట్టించుట గొప్ప మేలు. పంపులోని ప్లంజరునకును దాని గూటికిని నడుమనుండు సందు మిల్లీమీటరులో వేయింట రెండు మూడు వంతులే. తలవెండ్రుక యంతకు ఇరువది రెట్లు లావు. అచ్చట దుమ్ము రేణువు గీత గీచినచో ఒత్తిడి జారిపోవును. పంపునకు కందెన కూడ డీజిలే కనుక, నీరు చేరినచో చెప్పనక్కర లేదు.

తరువాత ఫీడు పంపును, గొట్టములను చూడవలెను. చీలిన గొట్టము గాలిని పీల్చినచో ఇంజను తడబడి ఆగిపోవును. డ్రైవర్లు "ఎయిరు పట్టినది" అనునది దీనినే.

మూడవది పంపు, నాజిళ్ల కొలత. విజయవాడ ఆటోనగరము వంటి చోట్ల పంపును బెంచీ కెక్కించి త్రిప్పి, ఒక్కొక్క సిలిండరునకు వచ్చు డీజిలును గాజుగొట్టములలో పట్టి సరిచూచు నేర్పరులు కలరు. గొట్టములలో మట్టములు హెచ్చుతగ్గులుగా నున్నచో, ఒక సిలిండరు మోయవలసిన బరువును మరియొకటి మోయుచున్నదన్నమాట. మట్టములు సమము చేయించినచో, డీజిలు పెంచకయే పోయిన బలము చాలవరకు తిరిగివచ్చును.

ఇచ్చట నొక హెచ్చరిక. ఇంజను నడుచుచుండగా ఒత్తిడి గొట్టములను వదులు చేయరాదు. కారుచున్న చోటును వ్రేలితో తడవరాదు. ఆ ధార చర్మమును చీల్చుకొని లోపలికి పోవును. పైకి సూదిపోటంత గాయమే కనబడినను, తడయక శస్త్రవైద్యుని యొద్దకు పోవలెను. ఆలస్యమైనచో వ్రేలిని, చేతిని కూడ కోల్పోవచ్చును.

ఇన్నియు చేసిన పిమ్మటను డీజిలు పెంచుమనువారికి ఒక లెక్క చెప్పెదను. ఒక కిలో డీజిలు పూర్తిగా కాలుటకు సుమారు పదునాలుగున్నర కిలోల గాలి కావలెను. గాలి చాలక మిగిలినది మసియై పోవును. లోపలి వేడి మించి పిస్టనులు, టర్బో చెడును. కనుక ముందు గాలి ఫిల్టరును, టర్బోను పరీక్షింపుడు. 2020 ఏప్రిల్ 1 నుండి వచ్చిన భారత్ స్టేజ్ ఆరు లారీలకు మసిని పట్టు జల్లెడ కూడ కలదు. అధికమైన డీజిలు దానిని పూడ్చివేయును.

ఆ పొగ రోడ్డు ప్రక్కనున్నవారి పాలిటికిని శత్రువే. డీజిలు పొగ మానవులకు క్యాన్సరు కలిగించునని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధక సంఘము 2012లో నిర్ణయించినది. అందరికంటె ముందుగా, అందరికంటె నెక్కువగా దానిని పీల్చువారు లారీ డ్రైవరు, క్లీనరు, మరమ్మతు షెడ్డులోని కుఱ్ఱవాడు.

కావున లారీ యజమానులారా, పంపు పెంచుమనుటకు ముందు ఒక్కమారు పొగగొట్టము వంక చూడుడు. అది నల్లగా నున్నంతకాలము మీ డబ్బే కాలక బయటికి పోవుచున్నదని తెలియుడు.