కాపురము విడిపోవు వేళ పెద్దల కర్తవ్యము
(నాగోలులో పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)

పంచాయతీ సభ్యులారా,

మనము సమావేశమైన ఈ నాగోలు ఒకప్పుడు మీ ఊళ్ళవంటి ఊరే. నేడు నగరములో కలిసిపోయినది. 2017 నుండి మెట్రో రైలు కూడ నడచుచున్నది. ఇక్కడికి కొద్ది దూరముననే, ఎల్.బి. నగరులో, రంగారెడ్డి జిల్లా న్యాయస్థానములున్నవి. అయినను ఆలుమగలకు పొసగనప్పుడు జనులు మొదట వచ్చునది పెద్దల వద్దకే. ఆ నమ్మకము వమ్ము కాకుండుటకై కొన్ని సంగతులు మనవి చేయుచున్నాము.

పదిమంది కూర్చుండి, స్టాంపు కాగితముపై విడాకులు వ్రాయించి, ఇరువురిచే వ్రేలిముద్రలు వేయించుట మనమెరుగనిది కాదు. 1955 నాటి హిందూ వివాహ చట్టము 29వ సెక్షను ఆచారసిద్ధమైన విడాకులను గుర్తించినది. కాని ఆ కులమున అట్టి ఆచారము చిరకాలముగా కలదని కోర్టులో సాక్ష్యముతో రుజువు చేయవలెను. రుజువు కానిచో ఆ కాగితము చెల్లదు. దానిని నమ్మి మారుమనువాడినవారిపై నేరము మోపబడవచ్చును. ఏడేండ్ల వరకు శిక్షయు కలదు. ఆ రెండవ పెండ్లియు చెల్లదు. సంతకము చేసిన పెద్దలు ఇంటికి పోవుదురు. చిక్కులలో పడునది ఆడపిల్ల.

కోర్టనగానే ఖర్చునకు జంకనక్కరలేదు. 1976లో చేర్చిన 13-బి సెక్షను ప్రకారము, ఏడాది లేక అంతకు మించి వేరుగా నివసించి, ఇక కలిసి బ్రతుకజాలమని ఇరువురును సమ్మతించినచో, ఉమ్మడిగా ఒకే పిటిషను పెట్టుకొనవచ్చును. ఆరు నెలలు గడచిన పిదప, పదునెనిమిది నెలలలోపల, ఇరువురును మరల కోర్టును కోరవలెను. తగిన సందర్భములలో ఆ ఆరు నెలల గడువును కోర్టు మినహాయింపవచ్చునని 2017లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. పెండ్లి జరిగిన చోట గాని, దంపతులు చివర కలిసియున్న చోట గాని అధికారముగల కోర్టులో పిటిషను వేయవచ్చును.

వకీలు లేకుండ వీలగునా? వీలగును. 1984 నాటి కుటుంబ న్యాయస్థానముల చట్టము ప్రకారము అచ్చట వకీలును పెట్టుకొనుట కక్షిదారునకు హక్కు కాదు. ఎవరి మాట వారే విన్నవించుకొనవచ్చును. అయితే భరణము, పిల్లల పెంపకము, స్త్రీధనము తిరిగి యిచ్చుట, ఈ మూడును ముందే తేల్చుకొని పిటిషనులో స్పష్టముగ వ్రాయవలెను. మాటమీద వదలిన సొమ్ము తరువాత చేతికి రాదు.

ఒకరు ఒప్పుకొననప్పుడు గాని, ఆస్తి తగవున్నప్పుడు గాని వకీలు అవసరమే. అప్పుడును అప్పు చేయనక్కరలేదు. 1987 నాటి న్యాయసేవల చట్టము క్రింద స్త్రీలకు, షెడ్యూల్డు కులములు, తెగలవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచితముగ వకీలు నియమింపబడును; ఇతరులలో పలువురికి ఆదాయ పరిమితి కలదు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు చేయవచ్చును. 15100 నంబరుకు ఫోను చేసినను దారి చెప్పుదురు.

సభ్యులారా, కలుపగలిగిన కాపురమును కలుపుడు. కాని కొట్టుట, బెదరించుట ఉన్న యింటికి సర్దుబాటు పేరిట ఆడపిల్లను మరల పంపకుడు. సమ్మతి యనునది భయముచే పలికించినది కారాదు. ఆమెను విడిగా కూర్చుండబెట్టి అడుగుడు. విడిపోవుటయే నిశ్చయమైనచో, మీరు కాగితము వ్రాయక, వారిని వెంటబెట్టుకొని న్యాయసేవా సంస్థకు తీసికొనిపొండు. ఆ ఒక్క పూట శ్రమ ఇద్దరి బ్రతుకులను నిలుపును.