ఒక్క దమ్ము కూడా వద్దు

సిగరెట్ మానాలనుకునేవారు చాలామంది "మెల్లగా తగ్గిస్తా" అంటారు. అది ఎంతవరకు పనిచేస్తుందో చూడటానికి ఇంగ్లండులో పొగతాగే దాదాపు 700 మందిపై జరిపిన అధ్యయనం 2016లో వెలువడింది. తేదీ పెట్టుకుని ఒక్కసారిగా మానేసినవారిలో నాలుగు వారాలకు 49 శాతం మంది నిలబడ్డారు. తగ్గించుకుంటూ వచ్చినవారిలో 39 శాతమే. రెండు బృందాలకూ నికోటిన్ ప్యాచీలు, సలహాలు అందాయి. సాయం తీసుకుంటే పట్టుదల తగ్గినట్టు కాదండీ.

మొదటి కొద్దిరోజులే గడ్డుకాలం. చిరాకు, నిద్ర పట్టకపోవడం. టీకొట్టు దగ్గర స్నేహితుడు పెట్టె తెరిచి "ఒక్కటేగా" అంటాడు. ఆ ఒక్కటే కొంప ముంచుతుంది. "మానేశాను" అని చెప్పి పక్కకు నడవండి. ఆ యావ కొన్ని నిమిషాల్లో దిగిపోతుంది. జేబులో అగ్గిపెట్టె కూడా ఉంచుకోకండి. సిగరెట్ పెట్టె మీదే అచ్చువేసే 1800-11-2356కు ఫోన్ చేస్తే ఉచితంగా సలహా ఇస్తారు.