విదేశములందు బోధనోద్యోగము – పత్రముల సంగతి



1936లో సర్వేపల్లి రాధాకృష్ణ పండితులు ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున స్పాల్డింగు ఆచార్య పీఠము నలంకరించిరి. నాడు భారతదేశము ఆంగ్ల సామ్రాజ్యములోనిది గావున అచ్చట పనిచేయుటకు వేరుగా అనుమతి పత్రము అక్కరలేకపోయెను. బ్రిటను 1962లో చట్టము చేసి కామన్వెల్తు ప్రజల రాకకు అడ్డుకట్ట వేసినది. ఆ పిమ్మట పాండిత్యమునకు తోడు పత్రములును కావలసివచ్చెను.

ఇప్పుడు హైదరాబాదులోని కవాడిగూడ ప్రాంతమును చూడుడు. చెంతనే అశోక్‌నగర్ శిక్షణాలయములు, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయము. జిల్లాల నుండి వచ్చిన యువజనులు ఉద్యోగ పరీక్షలకై అచ్చట దినమంతయు పుస్తకముల ముందు కూర్చుందురు. బి.ఎడ్. ముగించి ప్రైవేటు బడులలో చేరినవారిలో కొందరి దృష్టి సముద్రము ఆవలికి పోవును. పల్లెలోని తల్లిదండ్రులు పొలము తాకట్టు పెట్టుటకు సిద్ధపడునది అప్పుడే. కావున పత్రము వ్రాయకమునుపే ఈ సంగతులు తెలియవలెను.

అమెరికాకు హెచ్-1బి అర్జీ వేయవలసినది అచ్చటి పాఠశాల. ఉపాధ్యాయుడు తనంత తాను వేసికొనజాలడు. సంవత్సరమునకు 85,000 మాత్రమే పరిమితి. విశ్వవిద్యాలయములకు ఆ పరిమితి వర్తింపదు గాని సామాన్య పాఠశాలలు లాటరీలో నిలువవలసినదే. దానికి తోడు 2025 సెప్టెంబరులో, ఆ దేశము వెలుపల నున్నవారికై వేయు క్రొత్త అర్జీలపై లక్ష డాలర్ల రుసుము ప్రకటింపబడినది. ఏ పల్లెటూరి బడి అంత సొమ్ము చెల్లించును? ఇక జె-1 అను మార్గము గలదు. దీనికి పట్టము, రెండేండ్ల బోధనానుభవము, ఆంగ్ల పరిజ్ఞానము వలయును. మూడేండ్లు బోధింపవచ్చును, మరి రెండేండ్ల వరకు పొడిగింపు దొరకవచ్చును. గడువు తీరగానే మరలి రావలెను. ఇది స్థిరనివాసమునకు దారి యని చెప్పువాని మాట నమ్మదగదు.

ఇంగ్లండులో 2023 ఫిబ్రవరి నుండి భారతీయులగు గణిత, విజ్ఞానశాస్త్ర, భాషోపాధ్యాయులకు అచ్చటి ఉపాధ్యాయ యోగ్యతకై నేరుగా దరఖాస్తు చేయు వీలు కలిగినది. యోగ్యత వేరు, వీసా వేరు. వీసాకు మరల అచ్చటి బడి ఉద్యోగమీయవలెను.

ఇట్లు ఈ రెండు దేశములందును ఉద్యోగమే ముందు, వీసా వెనుక. వీసా నమ్మెదనని వచ్చు మధ్యవర్తి దేనిని అమ్ముచున్నాడో ఆలోచింపుడు. 1983 నాటి ప్రవాస చట్టము ప్రకారము ఏజెంటుకు ప్రభుత్వ నమోదు ఉండితీరవలెను; అతడు తీసికొనదగిన ప్రతిఫలము పన్ను గాక 30,000 రూపాయలకు మించరాదు. నమోదైనవారి జాబితా ఈ-మైగ్రేట్ అను ప్రభుత్వ స్థలమున ఇంటర్నెట్టులో ఎవరైనను చూడవచ్చును.

పత్రములలో మనవారిని మిక్కిలి చిక్కుపెట్టునది పేరు. పదవ తరగతి పత్రమున ఇంటిపేరునకు ఒక్క అక్షరమే, పాసుపోర్టులో పూర్తిగా, వివాహమైన స్త్రీకి ఆధారులో భర్త యింటిపేరు. పాసుపోర్టున ఇంటిపేరు గడి ఖాళీగా నున్నచో అమెరికా వీసాలో ఉన్న పేరే ఇంటిపేరై, అసలు పేరుండవలసిన చోట “పేరు తెలియదు” అను అర్థమిచ్చు మూడక్షరములు పడును. తల్లిదండ్రులు బారసాల చేసి పెట్టిన పేరునకు ఇంత అవస్థ! ఈ తేడాలు నియామకము వచ్చిన తరువాత సవరించుకొనబోయిన కాలము చాలదు. బడిలో చేర్చుకొను దినముననే ఇంటిపేరు పూర్తిగా వ్రాయించినచో ఆ బాధ చాల మట్టుకు తప్పును. ఇప్పటికే తేడా యున్నవారు పాసుపోర్టు దరఖాస్తుకు ముందే పదవ తరగతి పత్రముతో సరిచూచుకొనవలెను.