ఇరుగుపొరుగు భాషలు: పోలికలు, భేదాలు
(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మూకండపల్లి అన్న ఊరిపేరులోనే నేటి ప్రసంగ విషయం ఇమిడి ఉన్నది. పల్లి అంటే తెలుగువారికి పల్లె. కన్నడిగులకు అదే హళ్ళి. తమిళంలో పళ్ళి అంటే బడి అని కూడా అర్థం. ఈ హోసూరు సీమలో పుట్టిన బిడ్డ ఐదేళ్ళు నిండకముందే మూడు భాషలను చెవిన వేసుకుంటుంది. అయితే వినడం వేరు, వ్రాసి పరీక్ష నెగ్గడం వేరు. 2006లో వచ్చిన తమిళనాడు తమిళ అభ్యసన చట్టం ఆ ఏడాది ఒకటవ తరగతితో మొదలై, ఏటా ఒక తరగతి చొప్పున పైకి సాగి, 2015-16 నాటికి పదవ తరగతిని చేరింది. మినహాయింపు కోరుతూ భాషాల్పసంఖ్యాకుల పక్షాన వ్యాజ్యాలు నడిచాయి. ఆ వాదాన్ని న్యాయవేత్తలకు వదలి, "తెలుగు బడిలో వేస్తే పిల్లవానికి తమిళం అబ్బుతుందా?" అని తల్లిదండ్రులు అడిగే ప్రశ్నను మాత్రమే ఇక్కడ విచారిద్దాం.

ఈ భాషలు తోబుట్టువులని మొట్టమొదట సప్రమాణంగా చూపినవాడు మద్రాసు కలెక్టరు ఎల్లిస్. 1816లో క్యాంబెల్ దొర అచ్చువేసిన తెలుగు వ్యాకరణానికి ఆయన వ్రాసిన పీఠికలో తెలుగు, తమిళం, కన్నడం సంస్కృతజన్యాలు కావనీ, ఒకే మూలం నుండి చీలినవనీ నిరూపించాడు. అందుకు ఆయన ఆధారపడినది కోట కళాశాలలోని తెలుగు పండితుడు పట్టాభిరామశాస్త్రి కూర్చిన ధాతుమాల. కాల్డ్వెల్ గ్రంథం నలభై ఏండ్ల తరువాత, 1856లో వెలువడింది. పేరు మాత్రం కాల్డ్వెల్‌కే దక్కింది. శాస్త్రిగారిని తలచేవారు అరుదు.

తోబుట్టువులైనా ముఖాలు ఒకటి కావు. మన పాలు తమిళంలో పాల్, కన్నడంలో హాలు. మన చెవి అక్కడ సెవి, ఇక్కడ కివి. ఊరికి, ఊరుక్కు, ఊరిగె: ప్రత్యయం ఒకటే, ఉచ్చారణ ఇంచుక మారింది. ఈ మార్పులకు ఒక క్రమం ఉన్నది. తమిళంలో అచ్చుతో మొదలయ్యే కొన్ని మాటలు తెలుగులో ఆ అచ్చును వెనుకకు నెట్టి హల్లును ముందుకు తెచ్చుకున్నాయి. ఇరండు రెండైంది, అవన్ వాడైనాడు, ఇవన్ వీడైనాడు, ఉరల్ రోలైంది. నాలుక మడిచి పలికే ఆ ప్రసిద్ధమైన తమిళ అక్షరానికి (అచ్చు సౌకర్యం కొరకు దానిని ళకారంతోనే చూపడమైనది) తెలుగులో తరచుగా డకారం కనిపిస్తుంది: ఏళు ఏడు, కోళి కోడి, నిళల్ నీడ. తమిళుల చోళులే మన శాసనాల చోడులు. ఈ రెండు సూత్రాలు తెలిసిన తెలుగు పిల్లవానికి తమిళ నిఘంటువులో సగం బంధువులే ఎదురవుతారనడం అతిశయోక్తే కావచ్చు. కాని భయం తీరడానికి ఆ మాత్రం అతిశయోక్తి అవసరమే.

దూరదేశపు భాషలను చూస్తే ఈ దగ్గరితనం తెలిసివస్తుంది. సెర్బియా భాషలో ఏడు విభక్తులు. వాటిని బట్టి నామవాచకపు తోక మారుతుంది. చైనా భాషలో విభక్తి ప్రత్యయమే లేదు. మాట ఉన్న చోటే దాని సంబంధాన్ని తెలుపుతుంది, స్వరం మారితే అర్థమే మారిపోతుంది. ఒక దాని నుండి మరొక దానికి వెళ్ళే విద్యార్థి తనకు తెలిసిన వ్యాకరణాన్ని గుమ్మం బయట విడిచి వెళ్ళాలి. మనబడి బిడ్డకు ఆ బాధ లేదు. ఒక వింత చెప్పుకోవాలి. మనం, మేము అన్న భేదం తమిళంలో నాం, నాంగళ్ అని ఉన్నది. ఎదుటివానిని కలుపుకొనే ‘మనం’ బీజింగు నగరపు వాడుకలోనూ వేరుగా ఉన్నది; సెర్బియా భాషలో రెంటికీ ఒకటే మాట.

అసలు చిక్కు లిపిలో ఉన్నది. 1818లో తన నిఘంటువును ప్రకటించిన వూక్ కరాజిచ్ సెర్బియా భాషకు ముప్పది అక్షరాలు నిలిపి, ఒక ధ్వనికి ఒక అక్షరమన్న నియమం పెట్టాడు. పల్లీయుల నోటి భాషే వ్రాతభాష కావాలని ఆయన పోరాడిన తీరు మన గిడుగు రామమూర్తి పంతులుగారిని తలపిస్తుంది. చైనా లిపి దీనికి ఎదురు కొస: ఒకే అక్షరాన్ని బీజింగువాడు ఒకలా, కాంటన్‌వాడు మరొకలా చదువుతాడు. తెలుగు లిపి సెర్బియా పద్ధతికి దగ్గర. తమిళ లిపి కొంత భారాన్ని చదువరి మీద ఉంచుతుంది. పన్నెండు అచ్చులు, పదునెనిమిది హల్లులు, ఒక ఆయుతం. క, గ లకు ఒకటే అక్షరం. "పగల్" అని పంతులమ్మ పలుకగానే ఆ మాట మన పగలేనని బిడ్డకు తెలుస్తుంది. కాని వ్రాయబోయి గకారం కోసం వెదుకుతుంది, కలం ఆగిపోతుంది. వ్రాయవలసినది ‘పకల్’. పదాదిని, ద్విత్వంలో పరుషం. రెండు అచ్చుల నడుమ, అనునాసికం తరువాత సరళం అని ముందుగా చెబితే తమిళ మాటలకు చాలవరకు చాలు. అరువు మాటలకు చాలదు: గాంధి పేరును కూడా కకారంతోనే వ్రాయాలి, గకారంతోనే చదవాలి.

ఇంతకంటె సూక్ష్మమైన పొరపాటు మరొకటి ఉన్నది. తెలుగులో చెల్లెలు వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది. ఏకవచనంలో క్రియ ఒకటే. గోండీ మొదలైన భాషలలోనూ ఇదే తీరు. తమిళంలో చెల్లెలైతే వందాళ్, ఆవైతే వందదు. మన బిడ్డ "తంగై వందదు" అని వ్రాస్తుంది, తరగతి నవ్వుతుంది. ఆ బిడ్డ చేసినది అజ్ఞానం కాదు, తన భాషా నియమాన్ని నిష్ఠగా పాటించడమే. ఎర్రసిరాతో కొట్టివేసి ఊరుకొనే ఉపాధ్యాయుడు ఆ సంగతిని గుర్తించలేదన్నమాట. రెండు వాక్యాలను పక్కపక్కన నల్లబల్ల మీద వ్రాసి చూపడానికి రెండు నిమిషాలు చాలు.

మాటలు కలిసి అర్థాలు కలియని చోట్లూ ఉన్నాయి. పసి అంటే మనకు పసిబిడ్డ, వారికి ఆకలి. అవసరం అంటే మనకు కావలసినది, వారికి తొందర. ఇటువంటి జంటలు ఈ సభలోని అవ్వలకు, తాతలకు ఏ పుస్తకంలోనూ లేనన్ని తెలుసు. సంతలో, పొలంలో, కర్మాగారపు ద్వారం వద్ద విన్న మాటలను తెలుగు, తమిళం, కన్నడం అని మూడు వరుసలుగా మనుమల చేత వ్రాయించి బడికి పంపండి. వచ్చే ఏడాది ఆరవ తరగతి తమిళ పాఠం ఆ కాగితాలతోనే మొదలు కావచ్చు.