ఉమ్మడి మేడలో హక్కులు, బాధ్యతలు

ఒకప్పుడు మన యూళ్ళలో ఇల్లనగా ఒక ప్రహరి, ఒక పెరడు, ఒక నుయ్యి. హద్దు తగవు వచ్చినను ప్రక్కయింటివారితోనే. నేడు హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నము వంటి నగరములలో ఒకే కప్పు క్రింద పదుల కొలది, ఒక్కొక్కచోట వందల కొలది కుటుంబములు కాపురముండుచున్నవి. గదులు మాత్రమే మనవి. మెట్లు, లిఫ్టు, నీళ్ళ ట్యాంకు, డాబా అందరివి. ఈ అందరి సొత్తును కాపాడుటకు అసోసియేషను అను సంఘమును, దానికొక కమిటీని ఏర్పరచుకొనుచున్నాము. సమావేశములో పదిమంది బలవంతము చేయగా మొగమాటమునకు కార్యదర్శియైన వ్యక్తి, చట్టము మోపు బరువునుగూడ తలకెత్తుకొనుచున్నాడు. ఆ బరువేదో కొంచెము విచారింతము.

ఆంధ్రప్రదేశ్ అపార్టుమెంట్ల చట్టము 1987లో వచ్చినది. దాని మూలసూత్రము సులభమే. ఫ్లాటు కొన్నవాడు నాలుగు గోడల నడిమి చోటును మాత్రమే కాక, నేలలోను ఉమ్మడి భాగములలోను విడదీయరాని వాటాను కొనుచున్నాడు. ఆ వాటా ఫ్లాటును వెన్నంటియుండును. నా వంతు డాబా నాకు పంచియిమ్మని ఎవరును కోరరాదు. హక్కు ఉమ్మడియైనప్పుడు ఖర్చును ఉమ్మడియే. “మాది క్రింది అంతస్తు, లిఫ్టు ఎక్కము, మేమేల చెల్లింపవలెను?” అను ప్రశ్న ప్రతి మేడలోను వినవచ్చును. వాడుక మానుకొన్నంత మాత్రమున ఉమ్మడి ఖర్చు తప్పదనుట ఇట్టి చట్టములలో స్థిరపడిన నియమము. ఎవరి వంతు ఎంతయనునది సంఘపు నిబంధనావళి తేల్చవలసిన విషయము. అది అన్యాయమని తోచినచో సర్వసభ్య సమావేశములో మార్పించుకొనవలెనే గాని, చెల్లింపు ఆపుట మార్గము కాదు.

ఇక నెలలు గడచినను సొమ్ము కట్టనివారిని ఏమి చేయవలెను? కోపము వచ్చిన కమిటీ కుళాయి కట్టివేయుదమనును, కరెంటు తీసివేయుదమనును. ఇక్కడనే జాగ్రత్త వహింపవలెను. విద్యుత్తు ప్రాథమిక సౌకర్యమనియు, దానిని నిరాకరింపరాదనియు సర్వోన్నత న్యాయస్థానము 2022లో ఒక అద్దె యింటి వివాదములో చెప్పినది. బాకీ వసూలునకు వ్రాతపూర్వకమైన నోటీసు, నిబంధనలలో నున్న వడ్డీ, తుదకు న్యాయస్థానము కలవు. రెండు రాష్ట్రములలోను అనేక సంఘములు 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషను చట్టము క్రింద నమోదైనవి. సంఘ వ్యవహారములలో సభ్యులకు, కమిటీకి తగవు వచ్చినచో మధ్యవర్తిత్వమునకు గాని, జిల్లా న్యాయస్థానమునకు గాని పోవుటకు ఆ చట్టము దారి చూపినది. అయితే ఆ గడప త్రొక్కు సంఘము తన లెక్కలు, తీర్మానములు చక్కగా నుంచుకొనవలెను. నమోదు చేయించి కాగితములను బీరువాలో పెట్టి మరచిన సంఘమునకు అక్కడ మాట నిలువదు.

కట్టినవారితో వచ్చు చిక్కులు వేరు. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టము, అనగా జనవాడుకలో రేరా, కొనుగోలుదారులకు గట్టి ఆధారము. స్వాధీనము చేసిన నాటినుండి 5 సంవత్సరములలోపల నిర్మాణములో లోపము బయటపడి తెలియజేసినచో, నిర్మాత అదనపు సొమ్ము కోరక 30 దినములలో బాగుచేయవలెను. కావున గోడ బీటవారినప్పుడు నోటిమాటతో సరిపుచ్చక, తేదీ వేసి ఉత్తరము వ్రాయుట కమిటీ విధి. ఆ చట్టము ప్రకారము పైకప్పులేని బండ్ల నిలుపుచోటు ఉమ్మడి భాగమే. దానిని విడిగా అమ్ముటకు వీలులేదు. స్తంభముల నడుమనుండు స్టిల్టు చోటును ఫ్లాటువలె విడిగా అమ్మరాదని 2010లో సర్వోన్నత న్యాయస్థానము ముంబయి వివాదమొకదానిలో, మహారాష్ట్ర చట్టము ననుసరించి తీర్పు చెప్పినది.

వీటన్నిటికంటె బరువైనది మరియొకటి కలదు. సెప్టిక్ ట్యాంకు నిండినది; కమిటీవారు ఎవరినో పిలిపించి, వేయో రెండువేలో యిచ్చి లోనికి దింపుదురు. ఆ గుంటలో హైడ్రోజన్ సల్ఫైడు వంటి విషవాయువులు కూడియుండును, ప్రాణవాయువు కొరవడును. ఆ వాయువు హెచ్చినకొలది ముక్కు వాసనను పట్టజాలదు. అపాయము తెలియక మునుపే మనిషి కూలును. వానిని పైకి లాగుటకు దిగిన రెండవవాడును అట్లే కూలును. రక్షణ సాధనములు, జాగ్రత్తలు లేక మనిషిని అందు దింపించుటను 2013 నాటి చట్టము నిషేధించినది. తొలి తప్పునకే 2 సంవత్సరముల వరకు జైలు గాని, 2 లక్షల రూపాయల వరకు జుర్మానా గాని, రెండును గాని విధింపవచ్చును. ఇట్టి మరణములకు పరిహారమును సర్వోన్నత న్యాయస్థానము 2023లో 10 లక్షలనుండి 30 లక్షలకు పెంచినది. “కంట్రాక్టరు చూచుకొనును, మాకేమి?” అనుట పిలిపించినవారికి రక్షకవచము కాదు. చట్టము సంగతి యటుంచినను, మన మురికి తీయ వచ్చినవాడు ఇంటికి శవమై పోవుటకు ఏ పరిహారము సరిపోవును? పీల్చు యంత్రమున్న లారీకి కొంత అధికముగా ఖర్చగును. ఆ ఖర్చు ప్రతి బడ్జెటులోను ముందే వేసుకొనవలెను.

కమిటీ సభ్యులు జీతము లేక, తీరిక వేళలు వెచ్చించి పనిచేయువారు. వారిపై నిష్కారణముగా నింద వేయుట తగదు. వారును మూడు పనులు మరువరాదు. నిబంధనావళి చదువకుండ ఏ నిర్ణయమును చేయరాదు. ప్రతి తీర్మానమును మినిట్సు పుస్తకములో వ్రాయించి సంతకములు చేయింపవలెను. ఏటేట లెక్కలు తనిఖీ చేయించి సభ్యుల ముందుంచవలెను. తనవారికే కంట్రాక్టు ఇప్పించు సందర్భము వచ్చినచో, ఆ సంబంధమును ముందే చెప్పి వోటునుండి తప్పుకొనుట మర్యాద. సభ్యులు చేయవలసినది మరింత సులభము: సమావేశమునకు పోవుట. పోయి, అడుగవలసినది అడిగి, నిర్ణయమైనదానికి కట్టుబడినచో సగము తగవులు న్యాయస్థానము దాక పోవు.