ఆదివారం ఎక్కడ తిందాం?

(గోల్‌మురిలో సిబ్బంది కుటుంబాల కలయిక సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఏడాది బదిలీ మీద జంషెడ్‌పూర్ వచ్చిన కుటుంబాలు ఈ సభలో కొన్ని ఉన్నాయి. కొత్తగా వచ్చిన ప్రతి ఇల్లాలూ నన్ను అడిగేది ఒకటే: "అక్కా, ఇక్కడ మనవాళ్ల భోజనం ఎక్కడ దొరుకుతుంది? ఫోన్లో తెప్పించుకుంటే జీతం చాలడం లేదు." మాది విజయనగరం. నాలుగేళ్లుగా గోల్‌మురిలో ఉంటున్నాం. నాకు తెలిసిన నాలుగు మాటలు చెబుతాను.

ముందు మనం ఉన్న చోటు గురించి. 1907లో టాటా ఉక్కు కంపెనీ ఏర్పడింది. 1912లో ఇక్కడ మొదటి ఉక్కు తయారైంది. 1920లో స్థాపించిన టిన్‌ప్లేట్ కంపెనీ గోల్‌మురిలో వెలిసింది. టిన్‌ప్లేట్ అంటే తగరం పూత పూసిన పల్చటి ఉక్కు రేకు. మన ఇళ్లలో నూనె డబ్బా, నెయ్యి డబ్బా అయ్యేది అదే. ఆ కంపెనీ 2024లో టాటా స్టీల్‌లో కలిసిపోయింది. ఈ కార్ఖానాల్లో పని కోసం బెంగాల్, బీహార్, ఒడిశా, పంజాబ్‌ల నుంచి, మన శ్రీకాకుళం, విజయనగరం నుంచి జనం వచ్చి స్థిరపడ్డారు. సంతాలీ, హో కుటుంబాలు అంతకు ముందు నుంచే ఈ నేల మీద ఉన్నాయి. ఇంటిని వదిలి వచ్చినవాడు ఇంటి తిండిని వదలడు కదా! అందుకే ఇక్కడ కొద్ది దూరంలోనే ఇన్ని రకాల వంటలు, అవీ కూలి డబ్బులకు అందే ధరల్లో పుట్టాయి.

కాబట్టి హోటల్ ఎంచుకునేటప్పుడు నేను మొదట బోర్డు చూడను, తినేవాళ్లను చూస్తాను. షిఫ్టు దిగిన కార్మికులు, ఆటోవాళ్లు, కాలేజీ పిల్లలు రోజూ తినే చోట పదార్థం నిలవ ఉండదు, ధర పెంచడానికీ వీలుండదు. రెండోది, అక్కడ ఎవరి వంట బాగుంటుందో అదే అడుగుతాను. పంజాబీ ఢాబాలో దోసె, దోసె బండి దగ్గర నూడుల్స్ అడిగితే డబ్బూ దండగ, రుచీ దండగ.

పిల్లలకు కొత్త తిండి అలవాటు చేయాలంటే చుట్టరికం కలిపి చెప్పండి. లిట్టీ అంటే సత్తు, అంటే వేయించిన శనగల పిండి కూరి నిప్పుల మీద కాల్చిన గోధుమపిండి ఉండ. దానితో ఇచ్చే చోఖా మన కాల్చిన వంకాయ పచ్చడికి అక్కచెల్లెలు. బియ్యం, శనగపప్పు నానబెట్టి రుబ్బి నూనెలో వేసే ధుస్కా మన పునుగులకు పెద్దన్న. ఝాల్‌మురీ విశాఖ బీచ్‌లో తినే ముంత మసాలాకు బంధువు. ఒడియావారి పఖాల మన చద్దన్నమే. సంతాలీల జిల్ పిఠా దొరికితే వదలకండి. బియ్యప్పిండిలో మాంసం కలిపి ఆకుల మధ్య కాల్చే రొట్టె అది. ఇలా చెబితే మా చిన్నది, "అమ్మా, ఈ వారం ఎవరింటి చుట్టాలు?" అని అడుగుతుంది.

ఇక ఖర్చు. మా ఇంట్లో నలుగురం. బయట తిండికి నెలకు రెండు వేలు, అంతకు మించి రూపాయి లేదు. మూడు ఆదివారాలు మూడున్నర వందల చొప్పున చిన్న చోట్ల తింటాం. మిగిలిన తొమ్మిది వందల యాభైతో నాలుగో ఆదివారం మా అత్తగారు కూడా సుఖంగా కూర్చునే హోటల్‌కు వెళతాం. ముందు రెండు కూరలు చెప్పి, చాలకపోతేనే మూడోది.

బిల్లు చదవడం బ్యాంకు వాళ్లకు నేర్పక్కర్లేదు అంటారు. కానీ తిన్న తర్వాత ఎవరూ చదవరు! మామూలు రెస్టారెంట్లలో జీఎస్టీ 5 శాతం. కాంపొజిషన్ పథకంలో ఉన్న చిన్న హోటళ్లు మన దగ్గర విడిగా పన్ను వసూలు చేయకూడదు. సర్వీస్ చార్జి మన ఇష్టం. దాన్ని బిల్లులో తమంతట తాము కలపకూడదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2022 జులైలో చెప్పింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించింది. ఊళ్లో ఒక హోటల్లో మాకు పది శాతం కలిపి ఇచ్చారు. మావారు మర్యాదగా అడిగితే తీసేశారు. ఆ డబ్బుతో బయటికొచ్చి నలుగురం గప్‌చుప్‌లు తిన్నాం. మన పానీపూరీకి ఇక్కడి పేరు అదే. వినకపోతే 1915కు ఫోన్ చేయవచ్చు. బిల్లు మీద ఆహార భద్రత సంస్థ ఇచ్చిన 14 అంకెల నంబరు ఉందో లేదో కూడా చూడండి. బండి దగ్గరైతే నీళ్లు ఎక్కడివో, నూనె ఎంత నల్లబడిందో మీ కళ్లే చెబుతాయి.

చివరగా మన కుటుంబాలకు మాత్రమే సంబంధించిన మాట ఒకటి. ఈ బండ్లవాళ్లలో చాలామంది బ్యాంకుల ఖాతాదారులు. పీఎం స్వనిధి కింద వీధి వ్యాపారులకు ఇప్పుడు మొదటి విడత 15,000, సకాలంలో తీరిస్తే రెండో విడత 25,000, ఆపైన 50,000 రూపాయల వరకు అప్పు దొరుకుతుంది. ఒక దోసె బండి ఆయన నా మాట విని, "ఏ ఊరమ్మా మనది?" అన్నాడు. ఆయనది శ్రీకాకుళం వైపు. మావారు బ్యాంకులో పనిచేస్తారని తెలిశాక డబ్బులు తీసుకోనంటాడు! ఆయనకు అప్పు అవసరం ఉంది, మావారి చేతిలో సంతకం ఉంది. అందుకే ఆ దోసెలు ఊరికే తినకూడదు. మా పిల్లలకు ఒకటే చెప్పాను: ముందు క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి డబ్బు కట్టండి, తర్వాతే ప్లేటు అందుకోండి. చట్నీ ఇంకొంచెం అడగవచ్చు గానీ ధర తగ్గించమని అడగకూడదు. నలభై రూపాయల దోసె దగ్గర మన ఇంటి పేరు, బ్యాంకు పేరు రెండూ ఉంటాయి.

బదిలీ మీద వచ్చినవాళ్లం, మూడు నాలుగేళ్లకు వెళ్లిపోతాం. తలుపులు మూసుకుని ఆవకాయతో గడిపేయనూ వచ్చు. ఆవకాయ ఉండనివ్వండి, నేనూ తెచ్చుకుంటాను. కానీ వచ్చే ఆదివారం మాత్రం పిల్లల్ని తీసుకుని, మీ వీధిలో మీకు పేరు తెలియని వంటకం ఒక్కటి తిని చూడండి. వండినవారి ఊరు కూడా అడగండి.